త్రీడీ మామోగ్రామ్: పదును ఎంత అని అడిగితే సరిపోదు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డయాగ్నస్టిక్ సెంటర్ పెట్టుకున్న డాక్టరు మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) మెషీన్ కొనాలనుకుంటే ముందుగా చేతికొచ్చేది బ్రోషర్. అందులో రెండు అంకెలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. పిక్సెల్ సైజు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). స్లైసులు 1 మిల్లీమీటరు. రెండూ నిజమే. కానీ ఆ రెండు అంకెలు చూసి, 70 మైక్రాన్ల చుక్క కూడా కనబడుతుంది, అది ఏ మిల్లీమీటరు లోతులో ఉందో కూడా తేలిపోతుంది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. త్రీడీ మామోగ్రామ్‌లో పదునుకు ఒకే అంకె ఉండదు. ఏ దిక్కున కొలిచారు, ఎంత ఎత్తున కొలిచారు, దేన్ని పెట్టి కొలిచారు అని అడిగితే గానీ చెప్పిన అంకెకు అర్థం రాదు.

అసలు రొమ్ము ఎక్స్‌రేలో పదునుకు ఇంత పట్టింపు ఎందుకు? రేడియాలజిస్టు వెతికేవి ప్రధానంగా రెండు. ఒకటి గడ్డ. దాని అంచు నున్నగా ఉందా, లేక చుట్టూ సన్నని గీతలు ముళ్లలా పొడుచుకొచ్చాయా అని చూస్తారు. రెండోది కాల్షియం చుక్కలు. ఇవి అర మిల్లీమీటరు లోపే ఉంటాయి, కొన్ని 0.1 మి.మీ. దగ్గర్లో ఉంటాయి. గుండ్రంగా, అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటే పెద్దగా కంగారు పడక్కర్లేదు. ఒకేచోట గుంపుగా, వంకరటింకరగా, సన్నని చీలికల్లా ఉంటే మాత్రం అనుమానించాలి. బయాప్సీకి పంపాలా, కొన్నాళ్లాగి మళ్లీ రమ్మనాలా అన్నది చాలాసార్లు ఆ చుక్కల ఆకారం మీదే తేలుతుంది. చుక్క కనబడటం ఒక ఎత్తు, దాని ఆకారం కనబడటం ఇంకో ఎత్తు.

మామూలు మామోగ్రామ్‌తో వచ్చే చిక్కు వేరు. అయిదారు సెంటీమీటర్ల మందం ఉన్న రొమ్ములో పైనున్నవీ కిందున్నవీ అన్నీ ఒకే నీడగా పడతాయి. గ్రంథుల కణజాలం దట్టంగా ఉన్నవారిలో, ముఖ్యంగా వయసు తక్కువ ఉన్నవారిలో, గడ్డ ఆ తెల్లదనం వెనక దాక్కుంటుంది. ఒక్కోసారి ఏమీ లేనిచోట రెండు నీడలు కలిసి గడ్డలా కనిపిస్తాయి. పొరలను విడదీసి చూడగలిగితే ఈ బాధ చాలావరకు తీరుతుంది కదా అన్న ఆలోచనలోంచి వచ్చిందే టోమోసింథసిస్. వాడుకలో టోమో అంటున్నారు, బోర్డుల మీద త్రీడీ అని రాస్తున్నారు.

అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే గుంటూరు నుంచి విజయవాడకు ప్యాసింజర్ రైల్లో వస్తూ కృష్ణ వంతెన మీద ఎడమ కిటికీలోంచి చూస్తే చాలు. వంతెన ఉక్కు కమ్మీలు కళ్లముందు సర్రున వెనక్కి పోతుంటాయి. ప్రకాశం బ్యారేజీ మెల్లగా జరుగుతుంది. ఇంద్రకీలాద్రి దాదాపు కదలనట్టే ఉంటుంది. ఏది ఎంత జరిగిందో చూసి ఏది ఎంత దూరాన ఉందో చెప్పెయ్యొచ్చు. టోమోలో ఎక్స్‌రే ట్యూబు రొమ్ము పైన ఒక చాపంలో కదులుతూ వేర్వేరు కోణాల నుంచి తక్కువ డోసుతో వరుసగా ఫొటోలు తీస్తుంది. రొమ్ము కింద నీడను పట్టే డిటెక్టర్‌కు ఎత్తున ఉన్న వస్తువు నీడ ఎక్కువ జరుగుతుంది, దగ్గరున్నదాని నీడ తక్కువ జరుగుతుంది. కంప్యూటర్ ఆ ఫొటోలను ఒక లెక్క ప్రకారం జరిపి ఒకదానిమీద ఒకటి పేర్చి కూడుతుంది. 20 మి.మీ. ఎత్తున్న పొర కావాలంటే, ఆ ఎత్తులో ఉన్నవన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా జరుపుతుంది. ఆ పొరలోవి గట్టిపడతాయి, మిగతా పొరల్లోవి చెదిరి పలచనవుతాయి. పలచనవుతాయి అంతే, మాయం కావు. ఈ సంగతితో మళ్లీ పనుంది.

ఆలోచన పాతదే. ఇలా తక్కువ ఫొటోలతో పొరలు రాబట్టే పద్ధతికి గ్రాంట్ అనే పరిశోధకుడు 1972లోనే టోమోసింథసిస్ అని పేరు పెట్టాడు. వెంటవెంటనే చదవగలిగే డిజిటల్ డిటెక్టర్లు వచ్చేదాకా రొమ్ము విషయంలో అది ముందుకు సాగలేదు. 1997లో నిక్లాసన్ బృందం చేసి చూపించింది. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ మొదటి మెషీన్‌కు అనుమతి ఇచ్చింది.

ఇక కొలత సంగతి. పదునును కొలిచే పాత పద్ధతి సీసపు గీతల పలక. ఒక నల్లగీత, ఒక తెల్లగీత కలిస్తే ఒక జత. మిల్లీమీటరుకు ఎన్ని జతల దాకా విడివిడిగా కనబడ్డాయో కంటితో చూసి రాసుకుంటారు. సులువే కానీ ఇద్దరు చూస్తే రెండు అంకెలు వస్తాయి. పైగా అది చివరి హద్దు మాత్రమే చెబుతుంది, అంతకు ముందు ఏం జరిగిందో చెప్పదు. మిల్లీమీటరుకు 2 జతల దగ్గర ఎంత కాంట్రాస్ట్ మిగిలింది, 5 జతల దగ్గర ఎంత మిగిలింది అన్నదే అసలు సమాచారం. లోపలికి వెళ్లిన కాంట్రాస్ట్‌లో బయటికి ఎంత వచ్చిందో ఒక్కో సన్నదనం దగ్గర చెప్పే గీతనే ఎంటీఎఫ్ అంటారు. 1 దగ్గర మొదలై, గీతలు సన్నబడేకొద్దీ సున్నా వైపు దిగుతుంది. ఎంత ఆలస్యంగా దిగితే మెషీన్ అంత పదును.

దీన్ని కొలిచే తీరు చూడ ముచ్చటగా ఉంటుంది. మిల్లీమీటరు లోపు మందం ఉన్న స్టీలు పలక ఒకటి తీసుకుంటారు. దాని అంచు నిఖార్సుగా ఉండాలి. దాన్ని డిటెక్టర్ మీద నిలువుకు రెండు మూడు డిగ్రీలు వాలేలా పెట్టి ఎక్స్‌రే తీస్తారు. సరిగ్గా నిలువుగా పెడితే అంచు ప్రతి వరుసలోనూ పిక్సెల్‌ను ఒకేచోట కోస్తుంది, కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. 2 డిగ్రీలు వాలిస్తే వరుస వరుసకూ కాస్త కాస్త జరుగుతుంది. దాదాపు 29 వరుసలు దిగేసరికి ఒక్క పిక్సెల్ జరుగుతుంది. ఆ వరుసలన్నీ కలిపితే పిక్సెల్‌లో ముప్ఫయ్యో వంతు సన్నదనంతో అంచు దగ్గర వెలుతురు ఎలా చీకటయిందో గీత గీయొచ్చు. ఆ గీత ఎంత నిటారుగా ఉంటే అంత పదును. దాని వాలును లెక్కగట్టి ఫోరియర్ రూపంలోకి, అంటే ఏ సన్నదనం ఎంత ఉందో విడదీసి చూపే రూపంలోకి, మారిస్తే ఎంటీఎఫ్ వస్తుంది. మామోగ్రఫీ డిటెక్టర్లకు ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ చెప్పేదీ ఇలా అంచును వాల్చి కొలిచే పద్ధతే.

పిక్సెల్ ప్రభావం ఎంతో కూడా ఇక్కడే తేలుతుంది. 70 మైక్రాన్ల పిక్సెల్ నిజాయితీగా పట్టగలిగే హద్దు మిల్లీమీటరుకు 7.1 జతలు. కొన్ని మెషీన్లు టోమో తీసేటప్పుడు వేగం కోసం, శబ్దం (ఫొటోలో గింజలు గింజలుగా కనబడే నాయిస్) తగ్గడం కోసం నాలుగు పిక్సెళ్లను కలిపి ఒకటిగా చదువుతాయి. అప్పుడు అది 140 మైక్రాన్లు, హద్దు 3.6 జతలు. బ్రోషర్‌లో 70 అని ఉంటుంది. అది టోమోకు వర్తిస్తుందా, టూడీకి, అంటే మామూలు మామోగ్రామ్‌కు, మాత్రమేనా అన్నది లోపలి పేజీల్లో ఎక్కడో ఉంటుంది. కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇంతవరకు డిటెక్టర్ గొడవ. దీనికి పదునంతా అంటగట్టేస్తే టోమోలో సగం కథ చూడనట్టే.

ట్యూబు కదులుతోంది కదా. కొన్ని మెషీన్లలో ఒక్కో కోణం దగ్గర ఆగి ఫొటో తీసి మళ్లీ బయల్దేరుతుంది. మరికొన్నింట్లో అసలు ఆగదు, నడుస్తూనే తీస్తుంది. నడుస్తూ తీస్తే నీడ చెదరదా? చెదురుతుంది. ఎంత చెదురుతుందో లెక్క వేద్దాం. 15 డిగ్రీల చాపం, దాన్ని చుట్టడానికి 3.7 సెకన్లు. హోలాజిక్ కంపెనీ సెలీనియా డైమెన్షన్స్ మెషీన్‌కు చెప్పే అంకెలు ఇవే. ట్యూబు డిటెక్టర్‌కు 70 సెం.మీ. ఎత్తున ఉందనుకుంటే చాపం పొడవు 183 మి.మీ. అంటే సెకనుకు దాదాపు 50 మి.మీ. నడక. ఒక్కో ఫొటోకు ఎక్స్‌రే 50 మిల్లీసెకన్లు వెలిగిందనుకుందాం. ఆ కాస్త సమయంలో ట్యూబు 2.5 మి.మీ. జరిగిపోతుంది. ఆ జరుగుడు డిటెక్టర్ మీద నీడలో ఎంత కనబడుతుంది? డిటెక్టర్‌ను ఆనుకుని ఉన్న వస్తువుకు ఏమీ కనబడదు. 40 మి.మీ. ఎత్తున్న వస్తువుకు 2.5ను 40తో గుణించి 660తో భాగించాలి. 0.15 మి.మీ., అంటే 150 మైక్రాన్లు.

ఈ 150 మైక్రాన్ల మసక ఏం చేస్తుందో చూడండి. మిల్లీమీటరుకు 5 జతల దగ్గర కాంట్రాస్ట్‌ను 30 శాతానికి దించేస్తుంది. 6.7 జతల దగ్గర సున్నా. డిటెక్టర్ హద్దు 7.1 అనుకున్నాం కదా, ఆ హద్దు చేరేలోపే ట్యూబు నడక పని ముగించేసింది. అంటే 40 మి.మీ. ఎత్తున, ట్యూబు నడిచే దిక్కున, 70 మైక్రాన్ల పిక్సెల్‌కు పెట్టిన డబ్బులో కొంత నీళ్లలో పోసినట్టే. డిటెక్టర్ దగ్గర పెట్టి కొలిస్తే ఇదేమీ తెలియదు. అక్కడ అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. పైకి తీసుకెళ్లి కొలిస్తే గానీ బండారం బయటపడదు.

పోల్చి చూడాలంటే ట్యూబు ఫోకల్ స్పాట్‌నే, అంటే ట్యూబులో ఎక్స్‌రేలు పుట్టే చుక్కనే, తీసుకోండి. 0.3 మి.మీ. స్పాట్ అదే ఎత్తున చేసే మసక 18 మైక్రాన్లు. అమ్మేవాళ్లు ఫోకల్ స్పాట్ గురించి గంటసేపు చెబుతారు, ట్యూబు నడక గురించి ఒక్క ముక్క చెప్పరు. నాకు ఇదే వింతగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ మసక ట్యూబు నడిచే దిక్కునే ఉంటుంది. దానికి అడ్డంగా, అంటే ఛాతీ నుంచి చనుమొన వైపు, ఉండదు. కాబట్టి ఒకే చుక్కకు ఒక దిక్కున ఒక పదును, మరో దిక్కున ఇంకో పదును. స్టీలు పలకను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి రెండుసార్లు కొలవాలి. ఎత్తు మార్చి మళ్లీ కొలవాలి. టోమో నాణ్యత పరీక్షలకు యూరప్‌లో వాడే యూరెఫ్ ప్రోటోకాల్ కూడా ఎంటీఎఫ్‌ను రెండు దిక్కుల్లోనూ, పలకను పైకెత్తి కూడా చూడమంటుంది.

ఆగి ఆగి తీసే మెషీన్లకు ఈ బాధ లేదా అంటే, లేదు. దాని బదులు వేరే బాధ ఉంది. ఆగిన ప్రతిసారీ ట్యూబును మోసే చెయ్యి ఊగడం ఆగాలి, అందుకు సమయం పడుతుంది. మొత్తం స్కాన్ సాగుతుంది. సాగేకొద్దీ ఆ నొక్కుడు కింద ఉన్న మనిషి కదలకుండా ఉండటం కష్టం. ఎంత ఊపిరి బిగబట్టినా నొప్పికి కొద్దిగా కదులుతారు. దాన్ని ఏ ఫాంటమ్ (పరీక్షకు రొమ్ము బదులు పెట్టే దిమ్మ) మీదా కొలవలేం, ప్లాస్టిక్ దిమ్మకు నొప్పి ఉండదు కదా.

ఇప్పుడు లోతు సంగతి. ఇది మొత్తం విషయంలో అన్నిటికన్నా తప్పుగా అర్థమవుతున్న భాగం.

బ్రోషర్‌లో స్లైసు 1 మి.మీ. అని రాశారు. అది స్లైసుల మధ్య దూరం. 50 మి.మీ. మందానికి 50 స్లైసులు కట్టి ఇస్తారన్నమాట. ఒక్కో స్లైసులో ఆ ఒక్క మిల్లీమీటరులోనివే ఉంటాయని కాదు. సీటీ స్కాన్‌లో ట్యూబు ఒంటి చుట్టూ తిరిగి అన్ని కోణాల నుంచీ చూస్తుంది కాబట్టి పొర నిజంగానే పొరలా వస్తుంది. టోమోలో 15 నుంచి 50 డిగ్రీల మేర మాత్రమే చూస్తాం. చూడని కోణాల సమాచారం లేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

దీన్ని కొలవడానికి 1 మి.మీ. అల్యూమినియం బంతులు వాడతారు. ప్లాస్టిక్ పలకలో వాటిని వరుసగా, ఎడం ఎడంగా పొదిగి ఉంచుతారు. స్కాన్ తీసి, ఒక బంతిని పట్టుకుని స్లైసు స్లైసుగా పైకీ కిందికీ వెళ్తారు. సరైన స్లైసులో బంతి చిన్నగా, తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఒక స్లైసు పైకి వెళ్తే కాస్త మందగిస్తుంది. ఇంకా పైకి వెళ్తే ట్యూబు నడిచే దిక్కున సాగి, గుడ్డు ఆకారమై, చివరికి విడివిడి చుక్కల వరుసగా చీలిపోతుంది. ఒక్కో చుక్క ఒక్కో కోణం నుంచి తీసిన ఫొటోలోది. 9 ఫొటోలు తీసిన మెషీన్ అయితే 9 చుక్కలు లెక్కపెట్టొచ్చు. ఆ బంతి తెల్లదనం సగానికి పడిపోయేదాకా పైకీ కిందికీ ఎంత దూరం వెళ్లామో, అది లోతులో పదును. ఫొటోలో పక్క పక్కన ఉన్నవాటి పదునుతో దీనికి పోలికే లేదు.

ఎంతుంటుందో జామెట్రీతోనే అంచనా కట్టొచ్చు. 15 డిగ్రీల చాపం అంటే అటు ఏడున్నర, ఇటు ఏడున్నర. 1 మి.మీ. బంతి నీడలు ఆ బంతి వెడల్పంత దూరం చెదరాలంటే పైకి 3.8 మి.మీ., కిందికి 3.8 మి.మీ. వెళ్లాలి. మొత్తం 7.6 మి.మీ. 25 డిగ్రీల చాపానికి అదే లెక్క 4.5 మి.మీ., 50 డిగ్రీల చాపానికి 2.1 మి.మీ. నిజం మెషీన్ మీద కొలిస్తే వచ్చేది వాడిన సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌ను బట్టి మారుతుంది, మామూలుగా ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. ఏదెలా చూసినా 1 మి.మీ. కాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఈ లెక్కలో వస్తువు సైజు కూడా ఉంది. పదింతల పెద్ద వస్తువు పదింతల లోతుకు సాగుతుంది. 0.2 మి.మీ. కాల్షియం చుక్క 15 డిగ్రీల మెషీన్ మీద కూడా ఒకటిన్నర మిల్లీమీటర్లలోనే సర్దుకుంటుంది. 10 మి.మీ. గడ్డకు అదే మెషీన్ మీద 76 మి.మీ. కావాలి. నొక్కిన రొమ్ము మందమే మామూలుగా అంత ఉండదు. అంటే అలాంటి గడ్డ అడుగు నుంచి పైదాకా ప్రతి స్లైసులోనూ ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంటుంది. అంచులు మాత్రం సరైన స్లైసులోనే తీరుగా కనబడతాయి, ఎందుకంటే అంచు సన్నని విషయం. ముళ్లలాంటి గీతలు టోమోలో బాగా బయటపడటానికి కారణం కూడా ఇదే. గీతలు సన్నవి, అందుకని తమ పొరలోనే ఉంటాయి. కాబట్టి ఈ మెషీన్‌కు లోతులో పదును ఎంత అని అడిగేవారిని, దేనికి అని తిరిగి అడగాలి.

అయితే కోణం ఎంత పెద్దదైతే అంత మంచిదా? లోతు మాట వరకు అవును. సీమెన్స్ 50 డిగ్రీల చాపంలో 25 ఫొటోలు తీసే దారి పట్టింది. జీఈ 25 డిగ్రీల్లో 9 ఫొటోలు, అదీ ఆగి ఆగి. హోలాజిక్ 15 డిగ్రీల్లో 15. ఇవి ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకున్న అంకెలు కావు. కోణం పెంచితే స్కాన్ సమయం పెరుగుతుంది, కిరణాలు డిటెక్టర్‌లోకి ఏటవాలుగా దిగి చివరి కోణాల్లో ఇంకాస్త మసక కలుపుతాయి, ఒకే డోసును ఎక్కువ ఫొటోలకు పంచాల్సి వస్తుంది. చిన్న చుక్కలు పక్కపక్కన ఎంత తీరుగా కనబడాలన్నదానికీ, పెద్ద గడ్డలు లోతులో ఎంత విడిపోవాలన్నదానికీ మధ్య ఎవరి బేరం వాళ్లు కుదుర్చుకున్నారు. ఏది గొప్పో తేల్చమంటే, మీ దగ్గరికి వచ్చేవాళ్లలో దేన్ని వెతుకుతున్నారో దాన్నిబట్టి అంటాను.

ఇంతవరకు ఇనుము, గాజు, జామెట్రీ. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ దిగుతుంది, అక్కడ కొలత ఇంకా జారుడుగా మారుతుంది.

పొరలు కట్టేటప్పుడు ఊరికే కూడితే అంతా మసకబారుతుంది. అందుకని ఫిల్టర్ వేస్తారు. ఆ ఫిల్టర్ పెద్ద పెద్ద నీడలను అణిచి, సన్నని వివరాలను ఎత్తి చూపుతుంది. దాంతో ఎంటీఎఫ్ గీత ఒక్కోసారి 1 దాటి పైకి లేస్తుంది. లోపలికి పోయినదానికన్నా బయటికి ఎక్కువ కాంట్రాస్ట్ వచ్చిందన్నమాట. అది అదనంగా దొరికిన సమాచారం కాదు, ఉన్నదాన్నే గట్టిగా అరిచి చెప్పడం. దాని మూల్యం కూడా కళ్లకు కనబడుతుంది. లోహపు క్లిప్పో పెద్ద కాల్షియం ముక్కో ఉన్నచోట, ట్యూబు నడిచే దిక్కున దాని రెండు పక్కలా నల్లటి నీడలు ఏర్పడతాయి. అక్కడ నిజంగా ఏమైనా ఉంటే ఆ నలుపు మింగేస్తుంది. ఫిల్టర్ పెద్ద నీడలను అణచడంతో ఎంటీఎఫ్ గీత 1 దగ్గర కాక, మొదలయ్యే చోటే కిందికి పడిపోతుంది, దానివల్ల ఇంకో తంటా వస్తుంది. ఎంటీఎఫ్‌ను దేనితో భాగించి 1 చేయాలో తెలియదు. ఒక ల్యాబ్ ఒకచోట ఒకటి అనుకుంటుంది, ఇంకో ల్యాబ్ ఇంకోచోట. ఇద్దరి గీతలూ పక్కపక్కన పెట్టి ఇది పదును, అది మొద్దు అనడం కుదరదు.

కట్టిన పొరల్లో పదును కొలవడానికి స్టీలు పలక బదులు 25 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగను వాడతారు. తల వెంట్రుక కన్నా సన్నం. ప్లాస్టిక్ దిమ్మల మధ్య ఇరికించి, కావలసిన ఎత్తున, కొద్దిగా వాల్చి పెడతారు. అది ఫొటోలో ఎంత వెడల్పయిందో అదే నేరుగా కావలసిన సమాచారం. పాత తరహా ఫిల్టర్ పద్ధతికి ఇది బాగానే పనిచేస్తుంది. కొత్తగా వస్తున్న ఇటరేటివ్ (అంచనా వేసి మళ్లీ మళ్లీ సరిదిద్దుకునే) పద్ధతులూ, కృత్రిమ మేధ కలిపిన పద్ధతులూ అలా కాదు. అవి గట్టిగా మెరిసే వస్తువును ఒకలా, మందంగా ఉన్నదాన్ని ఇంకోలా పట్టించుకుంటాయి. టంగ్‌స్టన్ తీగ చుట్టూ ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు గట్టిగా మెరుస్తుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని గీత అని గుర్తుపట్టి మరింత సన్నగా చెక్కుతుంది. రొమ్ములోని పలచటి గీతను చూస్తే శబ్దమనుకుని నున్నగా తుడిచేయొచ్చు. తీగతో వచ్చిన ఎంటీఎఫ్ అద్భుతంగా ఉంటుంది. అసలు పేషంటు దగ్గర ఆ పదును ఉండకపోవచ్చు. ఎంటీఎఫ్ అనే భావన నిలబడేదే ఒక షరతు మీద: లోపలికి రెండింతలు పోతే బయటికి రెండింతలు రావాలి, ఎక్కడ పెట్టినా ఒకేలా రావాలి. ఆ షరతు తప్పిన మెషీన్‌కు ఎంటీఎఫ్ ఇంత అని చెప్పడంలో అర్థం సగమే. అందుకే సీటీలో ఇప్పటికే చేస్తున్నట్టు, వెతికే వస్తువును పోలిన కాంట్రాస్ట్ ఉన్నదాన్నే పెట్టి, అదే డోసులో, అదే శబ్దం మధ్య కొలవడం మేలని చాలామంది ఫిజిసిస్టుల అభిప్రాయం. నాదీ అదే.

శబ్దం అన్నాను. దాని గురించి రెండు ముక్కలు చాలు. 15 ఫొటోలు తీస్తే ఒక్కోదానికి దక్కేది మొత్తం డోసులో పదిహేనో వంతు. అమెరికాలో ప్రామాణిక ఫాంటమ్ మీద ఒక్కో వ్యూకు 3 మిల్లీగ్రేల హద్దు ఉంది. ఆ హద్దులోనే అన్నీ సర్దుకోవాలి. ఎంత పదునైన గీత అయినా గింజలు గింజలుగా ఉన్న ఫొటోలో కలిసిపోతే ఉపయోగం లేదు. పదును అంకె ఒక్కటే తెచ్చి చూపించేవారిని, శబ్దం ఎంత అని కూడా అడగాలి.

మన దగ్గర ఎక్స్‌రే మెషీన్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ సంస్థ ఏఈఆర్‌బీ అనుమతి ఉండాలి, దాని ఈ-లోరా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, గుర్తింపు ఉన్న ఏజెన్సీతో క్యూఏ (నాణ్యత పరీక్షలు) చేయించాలి. ఆ పరీక్షలు సేఫ్టీకి, మెషీన్ మామూలు ఆరోగ్యానికి అవసరం. ఫాంటమ్ ఫొటోలో నారలు ఎన్ని, చుక్కల గుంపులు ఎన్ని, గడ్డలు ఎన్ని కనబడ్డాయో లెక్కపెట్టడం కూడా చాలాచోట్ల అలవాటే. అవన్నీ మెషీన్ బతికే ఉందని చెబుతాయి. నిన్నటికన్నా ఇవాళ కాస్త మొద్దుబారిందా అన్నది చెప్పడానికి ఎంటీఎఫ్ కావాలి. ఆరంభంలోని అంకె చేతిలో లేకపోతే రెండేళ్ల తర్వాత కొలిచి ప్రయోజనం లేదు, దేనితో పోల్చుతారు?

అందుకని మెషీన్ బిగించిన వారంలోనే, ఇంజినీర్ ఇంకా ఊళ్లో ఉండగానే, చేయించుకోవాల్సిన పని ఒకటుంది. డిటెక్టర్ మీద, 40 మి.మీ. ఎత్తున, రెండు దిక్కుల్లోనూ అంచు ఫొటోలు తీయించాలి. బంతుల పలక ఉంటే దాన్నీ తీయాలి. ముఖ్యంగా పొరలుగా కట్టకముందటి అసలు ఫొటోలను, ఏ ప్రాసెసింగూ లేకుండా, బయటికి తీసి దాచుకునే వీలు ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని మెషీన్లలో ఆ దారి సర్వీస్ పాస్‌వర్డ్ వెనక ఉంటుంది. ఆ ఫొటోలు తీసుకునే వీలు ఇవ్వాలన్న ఒక్క వాక్యం కొనుగోలు ఆర్డర్‌లో ముందే రాసుకుంటే అప్పుడు బతిమాలుకోవాల్సిన టెన్షన్ ఉండదు. తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి ఫొటోలు హఠాత్తుగా వేరేలా కనబడితే, మారింది డిటెక్టరా లేక ఫిల్టరా అని తేల్చేది ఆ పచ్చి ఫొటోలే.

మాటలో మాటగా, గుంటూరు ఎండల సంగతి. అమార్ఫస్ సెలీనియం డిటెక్టర్‌కు వేడి పడదు. హద్దు దాటితే ఆ పదార్థం స్ఫటికంగా మారి శాశ్వతంగా పాడవుతుంది. మే నెలలో రాత్రిపూట కరెంటు బిల్లు ఆదా అని ఆ గదిలో ఏసీ కట్టేయడం కన్నా ఖరీదైన పొదుపు ఉండదు.

ఇక పేషంట్ల వైపు నుంచి తరచూ వచ్చే సందేహం ఒకటి మిగిలింది. తెనాలి నుంచో నరసరావుపేట నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, త్రీడీ తీయించుకుని, హమ్మయ్య అనుకునేలోపు, "అమ్మా, ఇంకో రెండు ఫొటోలు తియ్యాలండీ" అంటారు. అంత డబ్బు కట్టి త్రీడీ తీయించాక మళ్లీ ఇదేమిటి, బిల్లు పెంచడానికా అని అనుమానం రావడం సహజం. అనుమానం ఉన్న కాల్షియం చుక్కలకు మాగ్నిఫికేషన్ వ్యూ ఇంకా ఎందుకు తీస్తున్నారో పై లెక్కల్లోనే ఉంది. 0.1 మి.మీ. చుక్క 140 మైక్రాన్ల పిక్సెల్ ఒక్కదాన్ని కూడా నింపలేదు. దాని ఆకారం ఏమిటని అడిగితే టోమో దగ్గర జవాబు ఉండదు. మాగ్నిఫికేషన్‌లో రొమ్మును డిటెక్టర్‌కు దూరంగా, ఒక స్టాండు మీద పెట్టి 1.8 రెట్లు పెంచి తీస్తారు. అదే చుక్క నీడ 180 మైక్రాన్లవుతుంది, 70 మైక్రాన్ల పిక్సెళ్లు రెండున్నర దాకా వస్తాయి. అంత ఎత్తున పెడితే ఫోకల్ స్పాట్ మసక కూడా పెరుగుతుంది కాబట్టి 0.3 బదులు 0.1 మి.మీ. స్పాట్ వాడతారు. ట్యూబు కదలదు. డోసంతా ఒక్క ఫొటోకే పోతుంది. లోతు మాత్రం పోతుంది, అది అప్పటికే టోమో చెప్పేసింది కాబట్టి పర్వాలేదు.